మేకు ఎక్కడ కొట్టాలి: విద్యార్థుల చేతికి చిత్రప్రదర్శన

హైదరాబాద్‌లో ‘క్యూరేటర్’ అన్న మాట చాలామంది మొదట విన్నది జూపార్కు వార్తల్లో. పులి పిల్లల్ని పెట్టినా, ఏనుగు జబ్బుపడినా విలేకరులతో మాట్లాడేది క్యూరేటరే. ఇప్పుడా మాట హోటల్ మెనూకీ పెళ్లి విందుకీ పాటల జాబితాకీ కూడా అంటుకుంది. బొమ్మల్ని ఏరి, కూర్చి, గోడకెక్కించి, వాటి గురించి నాలుగు మాటలు రాసి జనం ముందు నిలబెట్టే అసలు పని మాత్రం ఈ రెండు అర్థాల మధ్య నలిగిపోయింది. దాన్ని విద్యార్థులకు ఎలా నేర్పాలన్నది వందేళ్లుగా నలుగుతున్న చర్చ. ముందు చరిత్ర, సిద్ధాంతం చదివించాలని కొందరంటారు. గోడ అప్పగించి మేకులు చేతికిస్తే అదే వస్తుందని మరికొందరు.

నగరానికి పడమర ఉన్న మణికొండ నుంచి చూస్తే ఇది దూరపు చర్చ కాదు. ఒకవైపు గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అందులో సరోజినీ నాయుడు స్కూల్, చిత్రలేఖనంతో పాటు కళాచరిత్రలోనూ ఎంఎఫ్‌ఏ. ఇంకోవైపు మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్. పక్కనే ఖాజాగూడలో ఓక్రిడ్జ్ వంటి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) బడులు. మణికొండలోనే సినీ కార్మికుల చిత్రపురి కాలనీ. నేర్చుకునేవాళ్లూ గోడలూ పనివాళ్లూ అందుబాటులోనే ఉన్నారు. ఎవరి చేతికి ఏది ఇవ్వాలన్న దగ్గరే తకరారు.

చదవకుండానే కూర్చినవాళ్లు

మన దగ్గర ప్రదర్శన కూర్చడం కోర్సుగా రాకముందే పనిగా వచ్చింది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదటి నుమాయిష్ పెట్టింది ఉస్మానియా పట్టభద్రులు. రాష్ట్ర ఆర్థిక స్థితిగతులపై సర్వేకి డబ్బు కావాలి, దానికోసం స్థానిక సరుకుల ప్రదర్శన పెట్టారు. పది రోజులు నడిచింది. 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. అది చిత్రప్రదర్శన కాదు నిజమే. కానీ ఏ సరుకు రావాలి, ఎవరికి ఎక్కడ చోటివ్వాలి, జనం ఏ దారిన నడవాలి అన్న ప్రశ్నలు అవే. అప్పుడే చదువు ముగించినవాళ్లు వాటికి జవాబు వెతికారు.

రాజమండ్రి కథలో వేరే పాఠం ఉంది. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లైనా నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు ఊరూరా చెదిరిపోకుండా ఒకచోట నిలిపింది భార్య సత్యవాణి, వరదా వెంకటరత్నం వంటి మిత్రులు. దాచడం, జాబితా రాయడం, చూపించడం అనే మూడు పనులూ వాళ్లు చేస్తూ చేస్తూనే నేర్చుకున్నారు. ఇవాళ రాజమండ్రిలో రామారావు పేరిట గ్యాలరీ ఉందంటే పునాది అదే.

హైదరాబాద్‌లో అతిపెద్ద కూర్పు మాత్రం ఒక పంతులుగారి చేతుల్లో పడింది. ఒకప్పటి నిజాం దివాన్ మూడో సాలార్‌జంగ్ మరణించాక ఆయన భవంతుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న వస్తువుల్ని మ్యూజియంగా అమర్చే పని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన ఐరిష్ కవి ఆయన. 1919లో రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలో కజిన్స్ దంపతుల అతిథిగా ఉన్నప్పుడే. సాలార్‌జంగ్ నివాసమైన దివాన్ దేవిడీలో సిద్ధమైన మ్యూజియాన్ని 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించారు.

అమెరికాలో ఈ పని తరగతి గదిలోకి ముందే వచ్చింది. 1920లలో హార్వర్డ్‌లో పాల్ సాక్స్ మ్యూజియం కోర్సు నడిపేవాడు. వస్తువుని చేతిలోకి తీసుకుని చూడకుండా మాట్లాడకూడదన్నది ఆయన పట్టు. ఆ వాతావరణంలోనే లింకన్ కర్స్టీన్, ఎడ్వర్డ్ వార్‌బర్గ్, జాన్ వాకర్ అనే ముగ్గురు విద్యార్థులు రెండు గదులు అద్దెకు తీసుకుని 1929 ఫిబ్రవరిలో సమకాలీన కళాప్రదర్శన తెరిచారు. న్యూయార్క్‌లో మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) తలుపులు తీసింది ఆ ఏడు నవంబర్‌లో. విద్యార్థులే తొమ్మిది నెలలు ముందున్నారు.

గోడ దగ్గర జరిగేది

‘చేస్తూ నేర్చుకోవడం’ అని అందరూ అంటారు. చేసేదేమిటో చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి ఒక్క బొమ్మ వేలాడదీయడాన్ని దగ్గరగా చూద్దాం.

గ్యాలరీల్లో మామూలు లెక్క ప్రకారం బొమ్మ నడిమధ్య నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, అంటే నిలబడ్డ మనిషి చూపు తగిలేచోట. ఫ్రేము ఎత్తు 60 అనుకుంటే సగం 30. వెనక తీగ బిగించి లాగితే ఫ్రేము పైఅంచుకి 5 సెంటీమీటర్ల కింద ఆగుతుంది. 150కి 30 కలిపి 5 తీసేస్తే 175. మేకు అక్కడ. ఏడో తరగతి లెక్కే. కానీ పది ఫ్రేములు పది సైజుల్లో ఉంటే, వాటిలో మూడింటికి తీగ వదులుగా ఉంటే, గోడ పొడవునా స్పిరిట్ లెవెల్ పట్టుకుని ఒకరు, పెన్సిల్ పట్టుకుని ఒకరు నిలబడితే, మొదటి రోజు సాయంత్రానికి నాలుగు బొమ్మలు వేలాడితే గొప్ప. 150 ఎవరి చూపు అన్న ప్రశ్న అప్పుడే వస్తుంది. ఆరేళ్ల పిల్లకి అది ఎత్తు. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికీ ఎత్తే.

తర్వాత గోడ సంగతి. ఐటీ కారిడార్‌లో దొరికే జాగా ఎక్కువగా అద్దాల భవనం, లోపల జిప్సం పార్టిషన్లు. జిప్సానికి ఒట్టి మేకు నిలవదు, దానికి తగ్గ ప్లగ్గూ స్క్రూ కావాలి. అద్దం మీద ఏ మేకూ ఎక్కదు. పైగా పడమటి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మకి 50 లక్స్ వెలుతురు దాటనివ్వకూడదన్నది మ్యూజియాల్లో అందరూ ఒప్పుకున్న హద్దు. ఫోన్‌లో యాప్ పెట్టి అద్దాల పక్కన నిలబడి చూస్తే అంకె వేలల్లోకి పోతుంది. అప్పుడు బొమ్మ మార్చాలా, చోటు మార్చాలా, తెర కట్టాలా? ఈ నిర్ణయం దగ్గర విద్యార్థి క్యూరేటర్ అవుతాడు. మేకు కొట్టడం దగ్గర అతను ఇంకా వడ్రంగి సహాయకుడే, అందులో చిన్నతనమేమీ లేదు.

మూడు దారులు

వాదాలెన్ని ఉన్నా ప్రధానంగా కనిపించేవి మూడు ధోరణులు.

మొదటివాళ్లకి వస్తువే గురువు. సాక్స్ దారి ఇది. మన దేశంలో 1952లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మొదలైన మ్యూజియాలజీ శాఖ, 1989లో ఢిల్లీలో వచ్చిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఈ దారినే నడిచాయి. రిజిస్టరు రాయడం, వస్తువు పరిస్థితి నమోదు చేయడం, చెదలూ తేమా చూసుకోవడం ముందు, ప్రదర్శన తర్వాత. దీని బలం ఓర్పు. ఆ ఓర్పే బలహీనత కూడా: రెండేళ్లు చదివినా సొంతంగా ఒక గది కూర్చే అవకాశం రాకుండానే డిగ్రీ చేతికి రావచ్చు.

రెండోవాళ్లకి ఆలోచనే గురువు. 1969లో బెర్న్‌లో హరాల్డ్ జేమాన్ కూర్చిన ప్రదర్శన తర్వాత క్యూరేటర్ కాపలాదారు స్థాయి నుంచి కర్త స్థాయికి ఎదిగాడు. దాని వెనకే బడులొచ్చాయి: 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, 1990లో అమెరికాలో బార్డ్ కాలేజీలో, 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని డి ఆపెల్‌లో. వీటిలో చదువు చివర విద్యార్థులు కలిసి ప్రదర్శనో ప్రాజెక్టో చేస్తారు. ఇక్కడివాళ్లు వాదన బాగా నేర్చుకుంటారు. బొమ్మ కన్నా గోడ మీది రాత పెద్దదయ్యే జబ్బు కూడా ఈ ధోరణితోనే వచ్చింది.

మూడోవాళ్లు గురువునే ఒప్పుకోరు. 1988లో లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీ విద్యార్థి డేమియన్ హర్స్ట్, తోటివాళ్లతో కలిసి రేవు ప్రాంతంలో ఖాళీగా పడి ఉన్న భవనంలో ‘ఫ్రీజ్’ ప్రదర్శన పెట్టాడు. పదహారు మంది బొమ్మలు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మార్కులివ్వలేదు. విద్యార్థి ప్రదర్శనల గురించి ఎక్కడ మాట్లాడినా ఈ ఉదాహరణ వస్తుంది. వెనకున్న డబ్బు గురించి మాత్రం అంతగా రాదు. దాని ప్రస్తావన కింద ఉంది.

కొచ్చి ఈ మూడింటికీ మధ్య నిలబడే ప్రయత్నం. కొచ్చి–ముజిరిస్ బినాలే రెండో విడతతో పాటు 2014లో స్టూడెంట్స్ బినాలే మొదలైంది. యువ క్యూరేటర్లు దేశంలోని కళాశాలలు తిరిగి విద్యార్థుల పనుల్ని ఎంచి కొచ్చికి తెస్తారు. దేశంలో ఇది పెద్ద ప్రయత్నమే. అయితే ఒక సూక్ష్మం గమనించాలి. ఇందులో విద్యార్థి చిత్రకారుడు, క్యూరేటర్ అతని కన్నా కాస్త పెద్దవాడు. క్యూరేషన్ నేర్చుకుంటున్నది ఎక్కువగా ఆ పెద్దవాడే. 2022లో ప్రధాన ప్రదర్శన డిసెంబర్ 12న తెరుచుకోవాల్సింది, పనులు పూర్తికాక 23కి వాయిదా పడింది. అంత అనుభవమున్న సంస్థకే తేదీ జారిందంటే విద్యార్థుల ప్రదర్శనలో తేదీ జారడాన్ని నేరంలా చూడనక్కర్లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే: మొదటి దారిలో వచ్చిన విద్యార్థి బొమ్మని పాడుచేయడు, జనాన్ని ఆకట్టుకోలేకపోవచ్చు. రెండో దారిలోవాడు జనంతో వాదిస్తాడు, బొమ్మ వెనకున్న తేమ మరక చూడడు. మూడో దారిలోవాడు రెండూ చేయగలడు, కానీ ఆ దారికి ముందే స్నేహితులూ పరిచయాలూ ఉండాలి. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఎంఎఫ్‌ఏ విద్యార్థికి ఖాళీ భవనం తాళాలు ఎవరిస్తారు?

మార్కుల చిక్కు

బడుల దగ్గరికి వస్తే చర్చ ఇంకా ముదురుతుంది. 2016 నుంచి పరీక్షలు జరిగిన ఐబీ డిప్లొమా విజువల్ ఆర్ట్స్ సిలబస్‌లో ప్రదర్శనకి 40 శాతం మార్కులు. స్టాండర్డ్ లెవెల్ విద్యార్థి 4 నుంచి 7 బొమ్మలు పెట్టి, ఎందుకలా పెట్టాడో 400 మాటలకు మించకుండా రాయాలి. హయ్యర్ లెవెల్‌కి 8 నుంచి 11 బొమ్మలు, 700 మాటలు. పదహారు పదిహేడేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ రెండు బొమ్మలు ఎందుకు పక్కపక్కన ఉన్నాయో చెప్పించడం చిన్న విషయం కాదు. 2027లో మొదటి పరీక్ష జరిగే కొత్త సిలబస్‌లో ఈ స్వరూపం మారింది.

ఆ పాత పద్ధతిలో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: అక్కడ విద్యార్థి ఏరేది తన సొంత బొమ్మల్నే. ఇంకొకరి బొమ్మ తీసుకోవడం, ఒప్పించడం, ‘నీది పెట్టలేకపోతున్నాం’ అని మొహం మీద చెప్పడం అందులో లేవు. కూర్చే పనిలో సగం బరువు ఆ ఒక్క మాటలోనే ఉంది.

సీబీఎస్‌ఈ 2020–21 నుంచి ఒకటి నుంచి పదో తరగతి దాకా కళతో ముడిపెట్టిన ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ జతల ప్రకారం తెలంగాణ పిల్లలకు హరియాణా, ఆంధ్రప్రదేశ్ పిల్లలకు పంజాబ్. ఉద్దేశం మంచిదే. ఫలితం చాలాచోట్ల నెట్‌లోంచి దించిన బొమ్మలు అంటించిన చార్టు. జాతీయ విద్యా విధానం 2020లో చెప్పిన, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పుస్తకాల సంచి లేని పది రోజులు ఇంతకన్నా నయం, ఆ పది రోజుల్నీ నిజంగా కుమ్మరి దగ్గరికో చిత్రకారుడి దగ్గరికో పంపిస్తే.

పటం విప్పితే

ఈ చర్చ అంతా గోడా ఫ్రేమూ చుట్టూనే తిరగడం మన ప్రాంతానికి సరిపోదు. మణికొండ నుంచి సుమారు వంద కిలోమీటర్లలో చేర్యాల ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు గుడ్డకి చింతగింజల పేస్టు, తెల్లమట్టి పట్టించి కథల పటాలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, పాత పటాలైతే నలభై యాభై అడుగుల పొడవు. అవి గోడకి పెట్టేవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గౌడులకు చెప్పే గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవాళ్లు పటాన్ని నిలువుగా, కొంచెం కొంచెంగా విప్పుతూ కథ నడిపిస్తారు. ఏ బొమ్మ ఎంతసేపు కనపడాలో, ఎప్పుడు చుట్టేయాలో కథకుడి ఇష్టం. వివరణ చీటీ కూడా అతని గొంతే.

ఇప్పుడు పన్నెండడుగుల ఎత్తున్న హాల్లో ఒక విద్యార్థి బృందానికి నలభై అడుగుల పటం ఇచ్చారనుకోండి. అడ్డంగా పరిస్తే కథ పక్కకి పడుకుంటుంది. ముక్కలుగా ఫొటో తీసి పెడితే పటం పోయి పోస్టర్లు మిగులుతాయి. రెండు చివరలా కర్రకి చుట్టి రోజుకో భాగం చూపిస్తే సోమవారం వచ్చినవాళ్లకి మొదలు, శుక్రవారం వచ్చినవాళ్లకి చివర. కథకుడిని పిలిస్తే ప్రదర్శన అతనిది అవుతుంది, క్యూరేటర్ పేరు ఎక్కడ రాయాలి? ఏ జవాబైనా ఏదో ఒకటి పోగొడుతుంది. నేర్పడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం విదేశీ సిలబస్‌లో దొరకదు.

బొమ్మల కొలువు కూడా ఈ లెక్కలోకి రావాలి. బేసి మెట్లు, పైమెట్టున దేవుళ్లు, కిందికొచ్చేకొద్దీ మనుషులు, నేల మీద ఊరూ చెరువూ తోటా. ఏటా పాతవాటిలోకి కొత్త బొమ్మ ఒకటి చేరాలి, దానికి చోటు చూడాలంటే పాతవి సర్దుకోవాలి. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్లు ఏమంటారోనన్న బెంగ ఉండనే ఉంటుంది. పదేళ్ల ఆడపిల్లలు తరతరాలుగా ఈ పని చేశారు. దానికి మార్కులు రాలేదు కాబట్టి విద్య అని ఎవరూ అనలేదు.

భాష గొడవ తీరలేదు. హైదరాబాద్‌లో బొమ్మ పక్కన చీటీ ఏ భాషలో ఉండాలి? ఇంగ్లీషొక్కటే అంటే వాచ్‌మన్ చదవలేడు. తెలుగు పెడితే ఉర్దూ ఏమైందంటారు. పెట్టిన తెలుగు కూడా తరచూ ‘కాన్వాసుపై మిశ్రమ మాధ్యమం’లా ఉంటుంది. ‘కాన్వాసు మీద రంగులు, గుడ్డపీలికలు, ఇనుప తీగ’ అని రాస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ అలా రాయాలంటే బొమ్మలో ఏముందో రాసేవాడు దగ్గరికెళ్లి చూసి ఉండాలి. విద్యార్థి నిజంగా బొమ్మ చూశాడా లేదా అన్నది తేల్చడానికి ఆ చీటీ ఒక్కటి చాలు.

తెరిచినవాళ్లదే బాధ్యతా?

2007 మేలో బరోడాలో జరిగింది ఈ చర్చలో ఎవరూ దాటవేయకూడని సంగతి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి అక్కడ చదువుతున్న ఒక విద్యార్థి, పరీక్ష కోసం పెట్టిన డిస్‌ప్లేలోని బొమ్మలు మతభావాల్ని గాయపరిచాయన్న ఫిర్యాదుపై అరెస్టయ్యాడు. దానికి నిరసనగా తోటి విద్యార్థులు కళాచరిత్ర శాఖ ఆర్కైవులో ఉన్న చిత్రాలతో, భారతీయ కళలో శృంగారం ఎంత పాతదో చూపిస్తూ ప్రదర్శన పెట్టారు. మూసేయమన్న ఆదేశాన్ని పాటించనందుకు డీన్‌గా ఉన్న శివాజీ పణిక్కర్ సస్పెండ్ అయ్యారు.

ఆ ప్రదర్శన ఏ సిలబస్‌లోనూ లేదు. వస్తువుల ఎంపిక, వాటి మధ్య వాదన, సమయం, పర్యవసానం అన్నీ ఒకేసారి మీదపడ్డ పాఠం అది. దాన్నుంచి రెండు విరుద్ధమైన వాదనలు పుట్టాయి. విద్యార్థుల ప్రదర్శనల్ని ముందే కమిటీ చూసి వడకట్టాలని ఒకటి. అధ్యాపకుడు వెనక నిలబడకపోతే ‘చేస్తూ నేర్చుకోవడం’ అన్నది ఒట్టి మాటని ఇంకొకటి. నా మొగ్గు రెండోదాని వైపు. వడకట్టిన ప్రదర్శనలో విద్యార్థికి మిగిలేది మేకులు కొట్టే పనే.

మణికొండ లెక్క

ఇక డబ్బు, జాగా. ‘ఫ్రీజ్’కి భవనం సమకూర్చింది లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, సొమ్ము పెట్టినవాళ్లలో కానరీ వార్ఫ్ కట్టిన ఒలింపియా అండ్ యార్క్ ఉంది. రేవు పోయి టవర్లు లేస్తున్న చోట కుర్రాళ్ల బొమ్మలు పెడితే ఆ ప్రాంతానికి కళ వస్తుందని వాళ్ల లెక్క. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి దారుల్లో లేస్తున్న టవర్లు చూసినవాళ్లకి ఆ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. క్లబ్‌హౌసుల్లో, లాబీల్లో విద్యార్థుల ప్రదర్శన పెట్టుకోమని అడిగే బిల్డర్లు ఉంటారు, ఉండాలి కూడా. అడిగినప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఏ బొమ్మ వద్దనే హక్కు ఎవరిది, లైట్లకీ రవాణాకీ ఇన్సూరెన్సుకీ ఎవరు చెల్లిస్తారు. ‘అనుభవం వస్తుంది కదా’ అని జీతం లేకుండా పనిచేయించుకోవడం ఈ రంగంలో ప్రపంచమంతా ఉన్న పాడు అలవాటు. దాన్ని ఇక్కడ నాటకూడదు.

గురువుల కొరత అంటారు. చిత్రపురి కాలనీ వైపు చూస్తే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. ఒక్క రాత్రిలో దొంగగోడ లేపి రంగు ఆరబెట్టేవాళ్లు, ఏ కోణంలో లైటు పెడితే నీడ పడదో చెప్పగలవాళ్లు సినిమా ఆర్ట్ డిపార్టుమెంటులో, లైట్ యూనిట్లలో పనిచేస్తున్నారు. గోడ విద్య వాళ్ల దగ్గరా, వస్తువు విద్య మ్యూజియం కీపర్ల దగ్గరా, వాదన విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. ఒక విద్యార్థిని ఈ మూడు గుమ్మాలూ ఎక్కించే ఏర్పాటు ఏ ఒక్క కాలేజీ తలుచుకున్నా పెట్టగలదు.

కాలేజీ చేతిలో లేనిది వస్తువు. అసలైన, పాత, మళ్లీ దొరకని వస్తువు విద్యార్థి బాధ్యత మీద ఒక నెలపాటు ఉండాలి. అది పగిలితే ఏమవుతుందన్న భయం అతనికి నిద్రలో కూడా తెలియాలి. ప్రింటవుట్లతో పెట్టిన ప్రదర్శనలో ఆ భయం రాదు. అలాంటి వస్తువు ఇవ్వగలిగింది మ్యూజియాలే. కాబట్టి ఈ మనవి వాటికే: ఏడాదికి ఒక గది, ఒక నెల, కీపర్ల కళ్లముందే, విద్యార్థుల బృందానికి వదలండి. ఏది పెట్టాలో వాళ్లు తేల్చుకోనివ్వండి, చీటీ వాళ్లని రాయనివ్వండి, కింద వాళ్ల పేర్లు వేయండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో 43 వేలకు పైగా కళావస్తువులున్నాయి. అందులో ఇరవై చాలు.